ముడి పడని గడ్డికట్టలు

రఘునాథపల్లి దగ్గర మాకు బర్రెల షెడ్డు ఉండేది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. యాసంగి కోతలు కాగానే, పొలంలో పరుచుకున్న వరిగడ్డిని కట్టలు కట్టే పాత మిషన్ కొనాలని తొర్రూరు వెళ్లాను. మళ్లీ కోతల దాకా బర్రెలకు ఆ గడ్డే ఆధారం.

అక్కడి వ్యాపారి దగ్గర రెండు మిషన్లున్నాయి. ఒకటి తుప్పుపట్టి ఉంది. రెండోదానికి కొత్తగా ఎర్ర రంగు వేశారు.

"గడ్డి ఏసి నడిపిచ్చి చూస్కో అన్నా, అద్దగంట పని" అన్నాడు వ్యాపారి.

"రేపు బంద్ గద, జల్ది పోవాలె."

"పెండ్లిపిల్లను గూడ గిట్లనే చూసినవా?" అని నవ్వాడు.

రంగున్నదాన్నే ట్రాక్టరుకు తగిలించుకుని వచ్చాను. ఆ తర్వాత చాలా ఏళ్లు, అడిగినవాళ్లందరికీ బంద్ వల్ల మోసపోయానని చెప్పాను. బంద్ మర్నాడు. ఆ పూట రోడ్డు ఖాళీగానే ఉంది. నాకే అరగంట ఓపిక లేకపోయింది.

మా గడ్డివాము వేయడానికి ఏటా పక్క తండా నుంచి ఒక కుటుంబం వచ్చేది. కొడుకులు, కోడళ్లు కింది నుంచి గడ్డి అందిస్తుంటే, ముసలాయన పైన నిలబడి తొక్కేవాడు. వాన జారిపోయేలా వాము నెత్తిని చేత్తో దువ్వేవాడు. కూలితో పాటు వాళ్ల ఆవులకు బండెడు గడ్డి తీసుకుపోవడం ఆనవాయితీ. ఆ ఏడు కూడా ఎప్పుడు రమ్మంటారని అడగడానికి వచ్చాడు.

"ఈసారి అక్కర్లేదు. మిషన్ తెచ్చిన" అన్నాను.

ఆయన మిషన్ చుట్టూ తిరిగి చూశాడు. "మంచిగుంది పటేలా. మరి మా ఆవులేం తినాలె, సుతిలి తాడా?"

నేనూ నవ్వాను. మీ గడ్డి మీకు ఉంటుందని మాత్రం అనలేదు.

కట్టకు రెండు తాళ్లు పడాలి. మొదటి కట్టకే ఒక తాడు ముడిపడలేదు. బయటికి రాగానే గడ్డి విచ్చుకుపోయింది. విప్పి చూస్తే ముడివేసే కొక్కెం అరిగిపోయి ఉంది, దాని మీది పాత అతుకును రంగు కప్పేసింది. ఆకురాయితో రుద్దాను, స్ప్రింగు మార్చాను, జనగామకు తీసుకుపోయి వెల్డింగు చేయించాను. కొన్ని కట్టలు బిగుతుగా వచ్చేవి, ఆ వెంటనే ఒకటి విచ్చుకునేది. కొత్త కొక్కెం హైదరాబాదులోనే దొరుకుతుందన్నారు. బంద్‌లతో బస్సులు నడవడం లేదు.

"మబ్బు వడుతున్నది. తండకు వొయ్యి ఆళ్లను పిలుసుకరారాదు" అంది నా భార్య.

"వద్దని పంపి, మల్ల నేనే పోవాలెనా?"

"నువ్వు పోకుంటే నేను పోత."

"నువ్వు పోయినా నేను పోయినట్టే" అని ఆపాను. వెళ్లి మళ్లీ కొక్కెం ముందు కూర్చున్నాను.

సాయంత్రానికి చెడగొట్టు వాన మొదలైంది. తెరిపివ్వకుండా కురిసింది. ఎండ కాశాక గడ్డిని తిరగేస్తే అడుగున ఆవిరి, బూజు వాసన. ముందు వేస్తే బర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి.

అప్పుడు పోయాను తండాకు. మిగిలిన మంచి గడ్డినైనా వాము వేయించుకోవాలని. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముంగిట్లో గుంజలకు ఆవులు లేవు.

"మొన్న పసులు కొనే బ్యారగాడు వస్తే తోలిచ్చిన. నువ్వు రావద్దంటివి, వానకు ఊళ్లోళ్లదంత ఖరాబాయె. ఏం పెట్టి సాదాలె పటేలా?"

"నాకు ఒక్కమాట చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె?"

వాము వేయడానికి రమ్మని అడిగాను. కూలికైతే వస్తానన్నాడు, వచ్చాడు. ఏరగా మిగిలిన గడ్డితో వేసిన వాము ఆయన నడుము ఎత్తు కూడా రాలేదు. ఆషాఢం రాకముందే అది అయిపోయింది. బర్రెలను అదే బేరగాడికి ఇచ్చేశాను. లారీ ఎక్కనని ఒక బర్రె మొండికేస్తే, దారిన పోతున్న ముసలాయన ఆగి, మెడ నిమిరి ఎక్కించాడు. నేను షెడ్డులోంచి బయటికి రాలేదు.