రాహుకాలంలో నామినేషన్

నా జీవితంలో తెలివితక్కువ పనులు చాలానే చేశాను గానీ, పంచాంగం చూసి మరీ చేసింది ఒక్కటే. దానికి ముందు దేవుడి మీద నమ్మకం లేని పార్టీలో చేరి, ఆ పార్టీవాళ్ల మీద నమ్మకం పెట్టుకున్నాను. దేవుణ్ణి నమ్మి చెడినవాళ్లకు ప్రసాదమైనా దక్కుతుంది. నాకు దక్కింది కార్యదర్శి పదవి.

పార్టీ పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. నరసరావుపేటలో మా ఆఫీసున్న వీధివాళ్లకే తెలియదు. ఎరువుల కొట్టు మీద మేడగది మాది. ఎవరైనా దారి అడిగితే కింద కొట్టాయన "దేవుడు లేని పార్టీయా? మెట్లెక్కి పైకి పో" అనేవాడు. దేవుణ్ణి కాదన్నవాళ్లకు కూడా దారి పైకే అని నాలో నేను నవ్వుకునేవాణ్ణి. తెలుగు మాస్టారుగా రిటైరైనవాణ్ణి. నవ్వుకోవడానికి మాటలుంటే చాలు, మనుషులు అక్కర్లేదు. ఆ పార్టీలో మనుషులు ఎటూ తక్కువే.

మా విధానాలు మాత్రం మంచివి. ఇప్పటికీ ఆ మాటే అంటాను, వాటిని రాసింది నేనే కాబట్టి. ప్రభుత్వ ఆఫీసుల్లో పూజలు ఉండకూడదు. శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టడం మానేసి, ఆ పని ఎప్పటికి పూర్తవుతుందో బోర్డు పెట్టాలి. పెళ్లి రిజిస్ట్రారు ముందు, రెండు దండలతో. చచ్చాక దేహం మెడికల్ కాలేజీకి. ఎవరి మతం వాళ్లింట్లో, అందరి ఆరోగ్యం ప్రభుత్వం నెత్తిన. "మతం కాదు, అభిమతం ముఖ్యం" అని గోడల మీద రాయించాను. ఆ గోడల యజమానులకు సమ్మతం కాలేదు, సున్నం కొట్టించారు.

వీటన్నిటినీ మించిన నియమం ఇంకొకటి ఉండేది. పార్టీ ఏ కార్యక్రమం తలపెట్టినా రాహుకాలంలోనే మొదలుపెట్టాలి. మూఢనమ్మకాల మీద అది మా సమ్మెటపోటు. అయితే రాహుకాలం ఎప్పుడో తెలియాలంటే పంచాంగం చూడాలి. ఆ పని కార్యదర్శిది. నేను కళ్లజోడు పెట్టుకుని వేలితో గడులు వెతుకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "గుళ్ళో పంతులుగారు కూడా దాన్ని ఇన్నిసార్లు తిరగెయ్యరండీ. అట్ట ఊడొచ్చింది చూసుకోండి" అనేది. ముహూర్తాన్ని తలకిందులుగా వేలాడదీసినా అది ముహూర్తమేనని ఆవిడకు తెలుసు. నాకు తట్టలేదు.

మా అధ్యక్షుడు ప్లీడరు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. "గ్రహాలకు భయపడనివాడికే నిగ్రహమూ ఉంటుంది, ఆగ్రహమూ ఉంటుంది" అని ఆయన సభల్లో గర్జిస్తే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. వాక్యం నాది, చప్పట్లు ఆయనవి. అందులో నాకేమీ చింత లేదు. పెళ్లిలో వంటవాడికి దండ ఎవరు వేస్తారు?

ఈ కథ ఎవరిదో, ఆమె మా పార్టీలోకి వచ్చిన తీరు వేరు. దాచేపల్లి దగ్గర పల్లె. భర్త సున్నపురాయి క్రషర్‌లో పనిచేసి మంచం పట్టాడు. ఒకటే దగ్గు. పక్కింటి ముసలమ్మ చేతబడి చేసిందని చుట్టాలు గోల పెట్టి, ఆ ముసలమ్మను కొట్టబోయారు. సంగతి తెలిసి మేము వెళ్లాం. ప్లీడరు అరుగెక్కి గంటసేపు మాట్లాడాడు. ఆ తర్వాత ఆమె భర్తను నరసరావుపేట తీసుకొచ్చి ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఆమె ఊరికి తిరిగి వెళ్లి, ముసలమ్మ చేతులు పట్టుకుని క్షమించమని అడిగి, మర్నాడు మా మేడ మెట్లెక్కింది. మా పార్టీలో ప్రసంగం విని చేరినవాళ్లున్నారు, నాలాగా ప్రసంగం రాసి చేరినవాడున్నాడు. పని చూసి చేరింది ఆమె ఒక్కతే.

ఎన్నికలు వచ్చాయి. గురజాల నుంచి నిలబడతానంది.

"గెలవనని నాకు తెలవదా మాస్టారూ?" అంది. "కేండేటునైతే నలుగురి ముందర నిలబడి ఈ దుమ్ము సంగతేందని అడగొచ్చు. ఉట్టిగా అడిగితే, మొగుడి మందులకి డబ్బుల్లేక ఏడస్తందంటారు."

"ఆ మాత్రానికి పార్టీ ఎందుకమ్మా, ఇండిపెండెంటుగా అయినా అడగొచ్చుగా?" అన్నాను.

"అమ్మో! అట్టా నిలబడ్డోళ్ళని ఎవురో డబ్బులిచ్చి నిలబెట్టారంటారు మా కాడ. అమ్ముడుపోయిందనే మాట ఒక్కసారి పడిందంటే, ఇంక నేనేం చెప్పినా ఎవురింటారు? నాకు పార్టీ కాయితం ఉండాల."

ఆ కాగితాన్నే బి-ఫారం అంటారు. ఫలానా మనిషి మా అభ్యర్థి అని అధ్యక్షుడు సంతకం పెట్టి ఇవ్వాలి. గడువులోగా అది ఎన్నికల అధికారికి చేరితే పార్టీ అభ్యర్థి, చేరకపోతే ఇండిపెండెంటు.

నామినేషన్లకు ఆఖరు రోజు గురువారం. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు దాకా. నామినేషన్లు తీసుకునేది కూడా మూడు దాకానే. ఆఖరు రోజున విలేకరులంతా అక్కడే ఉంటారు, రాహుకాలంలో నామినేషన్ అంటే ఫోటో పడుతుంది అని పంచాంగం ముందు పెట్టుకుని ఆ ముహూర్తం కట్టింది నేనే. నా తెలివి అలా ఏడిచింది. ప్లీడరు నా భుజం తట్టి, "బి-ఫారం నా చేతుల్తో నేనే తెచ్చి ఇస్తా, ఫోటోలో నేనూ ఉండాలిగా" అన్నాడు.

గురువారం మేము ఒంటిగంటకే గురజాలలో ఆర్డీవో ఆఫీసు దగ్గరున్నాం. ఎండ పెనంలా ఉంది. ఆమె ఉతికిన నూలుచీర కట్టుకుని, తలకు కొంగు చుట్టుకుని నిలబడింది. ప్రతిపాదించినవాళ్లు ఆమె ఊరివాళ్లే, గోడ నీడన కూర్చున్నారు. వాళ్లలో పక్కింటి ముసలమ్మ కూడా ఉంది.

ఒకటిన్నర దాటింది. ప్లీడరుకు ఫోన్ చేశాను.

"వస్తన్నా మాస్టారూ, దార్లో ఉన్నా."

రెండైంది. "సిమెంటు లారీలు అడ్డం పడ్డయ్. ఒక్క పావుగంట."

రెండుంపావుకు ఫోన్ మోగింది గానీ ఎత్తలేదు. తర్వాత మోగడం కూడా మానేసింది. మిగతా పార్టీలవాళ్లు మంచి ఘడియ చూసుకుని ముందే వేసి వెళ్లిపోయారు, విలేకరులూ వాళ్ల వెంటే. రాహుకాలంలో ఆ గేటు ముందు మేమూ పోలీసులూ తప్ప ఎవరూ లేరు. ఒక కానిస్టేబులు జాలిపడి, "ఏంది మాస్టారూ, పెళ్లికొడుకు రాలేదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మళ్లీ ఫోన్ తీశాను.

మూడింటికి ఇంకా కొద్దిసేపుందనగా ఆమె అంది: "పదండి లోపలికి."

"కాగితం లేకుండా వేస్తే ఇండిపెండెంటు అవుతావమ్మా. నువ్వే వద్దన్నావు."

"వెయ్యకపోతే అదీ కాను గదా."

లోపలికి వెళ్లాం. అధికారి కాగితాలు తిరగేసి, "బి-ఫారం ఏదమ్మా?" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను గుమ్మం వైపు చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. "రాలేదండీ" అని ఆమే చెప్పుకుంది. ప్రమాణం చదవమన్నారు. దైవసాక్షిగానా, మనస్సాక్షిగానా అని అడిగితే, "మనస్సాక్షి" అని గట్టిగానే అంది.

మేము గేటు దాటి బయటికి రాగానే దాన్ని మూశారు. మూసిన గేటు ముందు కారు ఆగింది. ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో ప్లీడరు దిగాడు. చేతిలో కవరు. మనిషి మీంచి సెంటు వాసన, ముఖంలో చల్లదనం. లారీల మధ్య ఇరుక్కున్న మనిషి అలా ఉండడు.

"ఇదిగో, వచ్చేశా. తియ్యమనండి గేటు" అన్నాడు. కానిస్టేబులు తన చేతి గడియారం మీద వేలు పెట్టి చూపించాడు. "మూడైతే మూసేస్తారా? గవర్నమెంటాఫీసుకి కూడా టైమేందయ్యా!" అని ప్లీడరు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

నేను కారు డ్రైవరును పక్కకు పిలిచాను. "ట్రాఫిక్ అంత ఎక్కువగా ఉందా?"

"ఎక్కడి ట్రాఫికు మాస్టారూ!" అన్నాడు. "ఒకటిన్నర నుంచీ ఊరి బయట పెట్రోలు బంకు కాడ ఏసీ ఏసుకుని కూకున్నాం. మూడు దాటిందాకా కాయితం చెయ్యి మారగూడదంట. ఈయన ఇల్లు కడతన్నాడు గదా, మధ్యలో ఆగిపోయిందంట. జాతకం చూసినాయన చెప్పాడంట, ఈ ఏడు రాహుకాలంలో ఏం తలపెట్టినా ఆ ఇల్లు లేవదని."

ఆయన మీద నాకు రోత పుట్టింది. భయపడ్డందుకు కాదు. నేనూ భయస్థుణ్ణే, చీకట్లో కుక్క మొరిగితే ఆంజనేయ దండకం గుర్తొచ్చే నాస్తికుణ్ణి. భయమని ఒక్క మాట చెప్పి ఉంటే, ముందురోజు మంచి ఘడియలోనే కాగితం నేనే తెచ్చి ఆమెకు ఇచ్చేవాణ్ణి. అది చెప్పడానికి ఆయనకు పరువు అడ్డమొచ్చింది. తన సభ పరువు బయటా, తన ఇంటి శాంతి లోపలా భద్రంగా ఉండాలి, మధ్యలో ఆమె ఎండలో నిలబడాలి. ఏసీ కారులో కూర్చుని నిమిషాలు లెక్కపెట్టుకున్న ఆ తెల్లచొక్కాను చూస్తే ఎంగిలాకు తొక్కినట్టనిపించింది. ఆ చొక్కా నోటికి మాటలు అందించింది నేనేగా అని గుర్తొచ్చాక, ఆ ఎంగిలి నా చేతికీ అంటినట్టనిపించింది.

అయినా అసలు రోత మర్నాడు. పొద్దున్నే ఆఫీసుకు పిలిచి, "ప్రెస్‌మీట్ పెట్టాను. ఆమెను సస్పెండ్ చేస్తున్నాం. నోట్ రాయండి" అన్నాడు.

"ఎందుకు?"

"అధ్యక్షుడి కోసం ఆగకుండా ఇండిపెండెంటుగా వేసింది. ఎవరో కొన్నారు. అట్టా రాయండి."

"ఆమెనా? కొన్నారా?"

"మరి నేను లేటయ్యానని రాస్తారా?" అని, కాస్త మెత్తబడి, "రాజకీయం మాస్టారూ, మీకు తెలవదు. మీరు రాయండి, ప్రెస్‌మీట్లో ఎప్పట్లాగా మీరే చదవండి" అన్నాడు.

ఆమె ఏ మాటకు భయపడిందో ఆ మాటే. పరాయివాళ్లు అంటారనుకుంది, సొంత పార్టీయే అనబోతోంది. మా విధానాలన్నీ రాసిన కలంతోనే అదీ రాయాలి. రాజీనామా ఆయన మొహాన కొట్టి మెట్లు దిగిపోదామనుకున్నాను. నేను దిగిపోతే ఆ నోటు ఇంకెవరో రాస్తారు, ఆ మాట ఉండనే ఉంటుంది. అందుకని కూర్చున్నాను. చాలా శ్రద్ధగా రాశాను.

విలేకరులు నలుగురైదుగురు వచ్చారు, లోకల్ కేబుల్ కెమెరా కూడా. ప్లీడరు నా పక్కన కుర్చీలో సర్దుకుని, నేను చదువుతుంటే తలాడించడానికి సిద్ధమయ్యాడు. నా వాక్యాలకు తలాడించడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. వినడం అలవాటు లేదు. లేచి చదివాను:

"మా సభ్యురాలు, అధ్యక్షులవారు బి-ఫారంతో రాహుకాలం వెళ్లేదాకా ఊరి బయట పెట్రోలు బంకు దగ్గర కారులో వేచి ఉండగా, వారి కోసం ఆగక, రాహుకాలంలోనే నామినేషన్ దాఖలు చేసినందుకు ఆమెను పార్టీ నుంచి సస్పెండ్ చేయడమైనది. ఆమెను ఎవరూ కొనలేదు, నిలబెట్టలేదు. పార్టీ నియమాన్ని పాటించిన తప్పు పూర్తిగా ఆమెదే."

ప్లీడరు తల ఇంకా ఊగుతూనే ఉంది. కెమెరా ఆయన మీదే ఉంది. విలేకరి ఒకాయన పెన్ను ఆపి, "అంటే సార్, పెట్రోలు బంకు దగ్గర ఆగిన మాట నిజమేనా?" అన్నాడు.

ఊగే తల ఆగింది.

"ఎంత గట్టిగా ఒప్పుకున్నారో చూశారుగా" అన్నాను నేను.