చావింటికి తెచ్చిన మూట

అమ్మ పోయిన మూడో రోజున అనంతగిరి కొండల నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆ కొండ గూడెంలో నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఆవిడ ఇంటి పక్కనే ఉండేది. అమ్మని అక్క వరసలో ‘అప్పా’ అని పిలిచేది. సెలవులకి వెళ్లినప్పుడల్లా నాకు సామల అన్నం పెట్టిన చెయ్యి ఆవిడది.

చేతిలో సామల మూట, చంకలో కాళ్లు కట్టిన కోడిపెట్ట. గుమ్మంలోనే మా మేనత్త అడ్డుపడింది.

“సావింటికి కోడి తెత్తారేటి? మైలలో నీసు ముట్టం. అట్టుకెల్లిపో.”

మాలో చావింటికి ఉత్తి చేతులతో రావాలి, ఏం తెచ్చినా అరిష్టమే. వాళ్ల గూడెంలో ఉత్తి చేతులతో వస్తేనే తప్పు. అయినవాళ్లు తెచ్చిన గింజలు వండి, పోయినవాళ్లకి పెట్టి సాగనంపుతారు. ఆవిడ పెనిమిటి పోయినప్పుడు అమ్మ కూడా బియ్యం పట్టుకెళ్లింది. ఆ మాటే చెప్పాను. అత్త వింటేనా! ఏదో సాయానికి వచ్చిందనుకుని, అమ్మ పాత చీర ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. పోయింది మా అమ్మ, పెత్తనం మాత్రం అత్తది.

ఆవిడ చీర భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. బస్సు దాకా నేనూ వెళ్లాను. ఊరి చివర రోడ్డు పక్కన కూర్చుని, మూటలోంచి ఒక అడ్డాకు తీసి పరిచి, దాని మీద గుప్పెడు సామలు పోసింది. చీర మీద చెయ్యి వేసి నెమ్మదిగా అంది:

“అప్పా, మీవోలు పుచ్చుకోనేదు. వండి ఎట్టడానికి నాకిక్కడ పొయ్యి నేదు. పచ్చియే తిను. ఆకలితో ఎల్లకు.”

నడిరోడ్డు మీద వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, “బేగి ఇంటికెల్లు గుంటా, నీకోసం సూత్తారు” అంది. మూట కట్టేసుకుని, కోడిని మళ్లీ చంకన పెట్టుకుని బస్సెక్కింది.

పదో రోజున చెరువు గట్టు మీద పిండం పెట్టాం. కాకి రాలేదు. గారెలు పెట్టారు, అమ్మకి ఇష్టమని కాఫీ కూడా తెచ్చి పెట్టారు. అయినా దిగలేదు. అత్త కళ్లొత్తుకుంటూ, “ఏటి కోరిక ఉండిపోనాదో మా వదినకి” అంది.

“గుప్పెడు సామలు, అత్తా” అన్నాను.

మా ఊళ్లో ఎవరింట్లోనూ అవి లేవు.