యాదయ్య సీసాలో పచ్చ పురుగులు

2011లో ఎల్బీనగర్‌లో మాకు పురుగుమందుల షాపు ఉండేది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్ అంటే షట్టర్ సగం దించి లోపలే కూర్చునేవాళ్లం. పురుగును చూడందే మందు ఇవ్వకపోవడం నా పద్ధతి. దానికి రైతులు విసుక్కునేవారు, మా ఆయన ఇంకా ఎక్కువ విసుక్కునేవారు.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం బాటసింగారం నుంచి యాదయ్య అనే రైతు వచ్చాడు. పొద్దున్నే బయలుదేరినా రాస్తారోకోలో ఇరుక్కుపోయాడట. చేతిలో మూతకు చిల్లులు పెట్టిన గాజు సీసా.

"వరికి దోమ పట్టింది మేడం. కౌలు పొలం, పంట పోతే ఆగమైత. జర గట్టి మందు ఇయ్యున్రి."

దోమంటే ప్లాంట్‌హాపర్, వరి మొదట్లో చేరి రసం పీల్చే చిన్న గోధుమరంగు పురుగు. సీసాలో చూస్తే బతికున్నవన్నీ పచ్చవి, తలలు మాత్రం నల్లవి. గోధుమరంగువి అడుగున ఒట్టి డొల్లలై పడున్నాయి. వరికే పట్టే పచ్చదోమ అనుకుందామంటే దాని తల అలా ఉండదు. నాకు బుర్ర తిరిగిపోయింది.

"ఎండకు చచ్చాయేమో" అన్నాను.

"మరి గీ పచ్చయి ఎట్ల బతికినయి?"

హ్యాండ్ లెన్స్, అంటే చేతి భూతద్దం తీశాను. ఒక పచ్చ పురుగు తన ముక్కును డొల్లల మధ్య మిగిలిన గోధుమరంగు పిల్లపురుగులోకి గుచ్చి పీలుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, మిరిడ్ బగ్. దోమ గుడ్లను, పిల్లలను తినే పురుగు. గట్టి మందు కొడితే ముందు ఇదే పోతుంది.

కానీ సీసా పొలం కాదు కదా. మర్నాడు యాదయ్య బండి మీద వెళ్లి దుబ్బులు తట్టి చూశాను. ఒక దుబ్బు నుంచి గోధుమరంగువి రాలితే, పక్క దుబ్బు నుంచి పచ్చవి. ఏవి ఎక్కువో తేలలేదు. నా మాట తప్పైతే అతని పంట పోతుందని భయమేసింది. చివరికి నీళ్లు తీసేసి, గాలాడేలా వరి మధ్య బాటల్లా పాయలు తీసి, నాలుగు రోజులు మందు ఆపమన్నాను.

"మందమ్మే మీరే మందొద్దంటున్రు. నేనేం సమజ్ చేసుకోవాలె మేడం?"

"నాకూ పూర్తిగా సమజ్ కాలేదు యాదయ్యా" అన్నాను.

పంట చేతికొచ్చింది. పచ్చ పురుగులు కాపాడాయో, నీళ్లు తీయడం కాపాడిందో ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి ఎవరు సీసా తెచ్చినా టీ ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టాకే చూసేదాన్ని. తొందరున్నవాళ్లు గొణుక్కునేవారు. ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉండుంటే, సీసాలో గోధుమరంగువి ఇంకా బతికుండగానే చూసి, యాదయ్యకు పొద్దున్నే గట్టి మందు కట్టిచ్చి పంపేసేదాన్ని.