మెలకువలో విన్న అధ్యాయాలు

2023 జూన్ ఐదో తేదీ, సోమవారం, తెల్లవారుజాము నాలుగు గంటల నలభై నిమిషాలకు ఆమె మా గేటు తట్టింది. నేను అప్పుడే ముఖం కడుక్కుని, బైబిలు ముందు పెట్టుకుని ప్రార్థనకు కూర్చోబోతున్నాను. టెక్కలిలో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కల పాఠాలు చెప్పి పలాస వచ్చి స్థిరపడ్డాక ఆ వేళప్పుడు నన్ను కదిపినవాళ్లు లేరు. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. చదవగానే డైరీలో ఒక టిక్కు. ఏడాదికి గ్రంథం పూర్తి. ఈ పద్ధతి మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆమె మా వెనక వీధిలో అద్దెకు ఉంటుంది. జీడిపిక్కలు కొట్టే పని. భర్త ఉద్దానంలో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. కిడ్నీలు పాడై సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ చేయించుకోవలసి రావడంతో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు విడిచి ఇద్దరూ పలాస చేరారు. మా చర్చిలో వెనక వరసలో కూర్చుంటారు.

“టీచరమ్మా, నాకు సదవడం నేర్పాల,” అంది. “మూడో తరగతిలో మానేసినాను. అచ్చరాలు తెలుసు గానీ ఒత్తులొస్తే నోరు తిరగదు.”

“ఇప్పుడెందుకమ్మా?”

“మా మావ అడిగినాడు,” అంది. భర్తను ఆమె అలాగే పిలుస్తుంది. “సర్చిలో ముక్కలు ముక్కలుగా సెప్తారు గదా. ఒక్కపాలి మొదట్నించి ఆకరి దాకా ఇనాలనుంది, ఇనేసి పోతాను అన్నాడు. ఆయనకి సదువు రాదు. నాకన్నా రావాల గదమ్మా.”

ప్రభువు కథంతా ఉన్న, ఇరవై నాలుగు అధ్యాయాల మూడో సువార్త తీసుకుందామన్నాను. ఆమె చేతులు చూశాక నా పెద్దక్షరాల బైబిలు ఇవ్వడానికి మనసొప్పలేదు. బూడిద రాసుకుని కొట్టినా పిక్కలోంచి కారే జీడి వేళ్లను మాడ్చి నల్లగా చేసేస్తుంది. అది తోమితే పోయే నలుపు కాదు. నా చూపు ఆమె కనిపెట్టింది. మర్నాడు ఒక కొబ్బరి ఈనె తెచ్చుకుంది. దాన్నే అక్షరం కింద జరుపుకుంటూ చదివేది, దానితోనే పేజీ తిప్పేది. ఆ పుస్తకం మీద ఈ రోజుకీ ఒక్క మరక లేదు.

ముందు ప్రార్థన, తరవాత చదువు. ఐదున్నరకు లేచి వెళ్లి అన్నం వండుకుని పనికి పోయేది. మూడు నెలలకు ఒత్తులు లొంగాయి. సెప్టెంబరు నాలుగో తేదీ సోమవారం ఆసుపత్రిలో భర్త మంచం పక్కన నా బైబిలే పెట్టుకుని మొదటి అధ్యాయం చదివింది. నేను లెక్క కట్టి ఇచ్చాను: డయాలసిస్ విడతకు ఒక అధ్యాయం, వారానికి మూడు, ఎనిమిది వారాలు. అక్టోబరు ఇరవై ఏడుకు పూర్తి.

ఇరవై ఎనిమిదిన, శనివారం తెల్లవారుజామున, అడిగాను.

“పూర్తయిందా?”

“పదైదోది నడుస్తందమ్మా.”

“ఇరవై నాలుగు విడతల్లో పద్నాలుగేనా? మిగతా పది ఏం చేశావు?”

“సదివినానమ్మా. మా మావే నిద్దరోయాడు. బీపీ పడిపోద్ది, కల్లు మూతలు పడిపోతాయి. అయన్నీ నాను లెక్కెయ్యలేదు. ఆ అజ్జాయం మల్లీ మొదట్నించి ఎత్తుకున్నాను.”

“మధ్యలోంచి చదవొచ్చు కదా!”

“నిద్దట్లో ఇన్నది ఇన్నట్టేటమ్మా?” అంది. ఎదురు చెప్పినట్టు కాదు, నిజంగానే అడిగింది. నా ఉద్యోగమంతా, తరగతిలో పిల్లలు నిద్రపోయినా పాఠం అయిందని రిజిస్టరులో రాసినదాన్ని.

సోమవారం ఆమెతో నేనూ వెళ్లాను. వరసగా మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో యంత్రం. ఆమె ఈనె పట్టుకుని మొదలుపెట్టింది. మామూలు మాటల్లో స అని పలికే ప్రతి చోటా, చదివేటప్పుడు మాత్రం చ అనే పలికింది. ఆస్తి పట్టుకుపోయి తగలేసిన చిన్నకొడుకు పందుల దగ్గరికి చేరేసరికి భర్త కళ్లు మూతపడ్డాయి. ఆమె ఆపేసింది. ఈనె పేజీలో ఉంచి, “పెబువా, మావకి మెలకువ తే,” అని గొణుక్కుని కాళ్లు ఒత్తుతూ కూర్చుంది.

పక్క మంచం మీది ముసలాయన మందస వైపు రైతు. ఆయన మా మతం కాదు. అయినా మూలిగాడు.

“ఓలమ్మా, ఆ కుర్రోడు ఇంటికెప్పుడు ఎల్తాడే? మూడు పాల్ల నుంచీ పందుల కాడే ఉండిపోయాడు. ఈయాలైనా కదిలించు.”

“మా మావ లేస్తే కదుల్తాడు, తాతా.”

ముప్పావుగంటకు భర్త కళ్లు తెరిచాడు. ఆమె వెంటనే మొదటి వచనానికి వెళ్లిపోయింది.

“ఓలె, తప్పిపోయిన గొర్రె కాడ్నించా?” అన్నాడు భర్త. “ఆ గొర్రె దొరికేసింది గదే!”

“నోర్మూసుకుని ఇను.”

“పొద్దున్నే టీచరమ్మ కాడ నువ్వు తిట్లు తింటావు, ఆ కసి నా మీద తీరుస్తావు,” అని నావైపు చూసి నవ్వాడు. అధ్యాయం చివరిదాకా మేలుకునే ఉన్నాడు. ముసలాయన మాత్రం, “తమ్ముడొస్తే ఇందు సేసినారని పెద్దకొడుకు పడ్డ కోపంలో నాయముంది. నానైనా అలగనేటి?” అని యంత్రం ఆగేదాకా వాదించాడు.

ఆ తరవాత నేను గడువులు పెట్టలేదు. చదువు ఒకసారి రెండు విడతల్లో ఒక అధ్యాయం, ఒకసారి నాలుగు విడతలకు ఒకటి, అలా నడిచింది. నవంబరు ఇరవై తొమ్మిది బుధవారం ఇరవై రెండోది పూర్తిగా విన్నాడు. ముప్ఫైన, గురువారం, మధ్యాహ్నం రెండూ పదికి పోయాడు.

డిసెంబరు నాలుగో తేదీ సోమవారం ముసురు పట్టి ఉంది. నాలుగూ నలభైకి గేటు చప్పుడైంది. ఆమె వస్తుందని నేను అనుకోలేదు. తల తుడుచుకుని కూర్చుంది. ప్రార్థన నన్ను చెయ్యమంది. నేను రెండు మాటలు పలికి ఆపేస్తే మిగతాది తనే చేసింది. తరవాత ఇరవై మూడోది తీసింది. సిలువ దగ్గర ఆగలేదు, ఏడవలేదు. ఇరవై నాలుగోది కూడా చివరిదాకా చదివింది. ఆమె అంత స్పష్టంగా చదవడం నేను ఎన్నడూ వినలేదు.

నేను కలం తీసి, నా డైరీలో ఆమె భర్త పేరున రాసుకున్న పేజీలో ఆ రెండింటి ఎదురుగా టిక్కు పెట్టబోయాను. ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“నా లెక్కలో ఎయ్యండమ్మా. మావ లెక్కలో ఎయ్యొద్దు. ఆయన ఇన్లేదు.”

ఆమె చెప్పినట్టే రాశాను.

జూన్ ఐదు నుంచి ఆ రోజు వరకు ఉదయాలు నూట ఎనభై మూడు. ఆమె రానివి ఐదు: జ్వరానికి రెండు, చావుకు మూడు. ఆసుపత్రిలో చదివిన విడతలు ముప్ఫై ఎనిమిది. నిద్రలో పోయినవి పదహారు. అతను విన్న అధ్యాయాలు ఇరవై రెండు. విననివి రెండు.