సాగే గుడ్డ

బనీను గుడ్డ చేతికందితే మా తోటికోడలు ముందు దాన్ని అడ్డంగా సాగదీసి, వదిలి, నవ్వేది. "సాగుద్దక్కా. దాని మానాన దాన్ని వదిలెయ్యాలంతే," అనేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో రాజమండ్రిలో మా వీధి జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. మా పాప మాత్రం తోటికోడలు కుట్టిన గౌన్లే వేసుకునేది. పంతం పట్టి ఓసారి నేనూ బనీను గుడ్డతో గౌను కుట్టాను. జాకెట్టుకి వేసినట్టే మెడకి గట్టి పట్టీ వేశాను. తొడుగుతుంటే మెడ సాగలేదు, పాప తల అందులో ఇరుక్కుంది. తోటికోడలేమో వంటింట్లో ఉంది. నేను పాప ఎదురుగానే, గౌను పట్టుకుని ఉన్నాను. గుడ్డ లోపల్నుంచి పాప ఏడుస్తూ అరిచింది.

"పిన్నీ!"