తంబోలాలో తొంభై దాకా

నా చిన్నప్పుడు నన్ను బాగా ఏడిపించినవి హిందీ అంకెలు. సైన్యంలో ఉన్న నాన్నగారు మమ్మల్ని కాకినాడ నుంచి ఢిల్లీ కంటోన్మెంటుకు తెచ్చుకున్నారు. మనకు యాభై వస్తే యాభై తొమ్మిదీ వచ్చినట్టే కదా. హిందీలో అలా కుదరదు, దేని పేరు దానిదే. యాభై తొమ్మిదిని నేను మన పద్ధతిలో ‘పచాస్ నౌ’ అంటే క్లాసంతా పడీ పడీ నవ్వింది. నెలాఖరుకి వంద లోపు ఏ అంకె చూపించినా చెప్పాలి, లేకపోతే కింది క్లాసులో కూర్చోబెడతానన్నారు టీచరుగారు. కింది క్లాసులో ఉన్నదెవరు? మా తమ్ముడు. వెధవ, అప్పుడే తన బెంచీ మీద నాకు చోటు కూడా ఉంచేశాడు.

నాన్నగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని వల్లె వేయించేవారు. ఆయన కళ్ళెర్రజేస్తే వచ్చిన అంకె కూడా ఎగిరిపోయేది. ఆయన మీసం మాత్రం బాగా గుర్తుండిపోయింది.

పక్క క్వార్టర్లోని ఆంటీది వరంగల్. ఓ ఆదివారం నా ఏడుపు విని వచ్చారు. “అన్నయ్యా, పిల్ల గిట్ల వణికితే అంకెలు యాడ నిలుస్తయ్? జర నాతోని పంపుండ్రి,” అని నన్ను మెస్ ముందున్న లాన్‌లో తంబోలా ఆటకు తీసుకువెళ్ళారు. చలికాలపు ఎండ, వేడి సమోసాలు, చేతిలో అంకెల టికెట్. మైకులో పిలిచిన అంకె మన టికెట్ మీద ఉంటే కొట్టేయాలి. అన్నీ ముందుగా కొట్టేసినవాళ్ళు “హౌస్” అని అరవాలి. ఆంటీ వెళ్ళి మైకు అంకుల్‌తో ఏదో చెప్పారు. అంతే, ఆయన ఇంగ్లీషు మానేసి హిందీలోనే పిలిచారు. ఆ నెల ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. నాకు తెలియని అంకె వస్తే ఆంటీ నా చెవిలో చెప్పేవారు.

ఒకసారి నా టికెట్‌లో యాభై తొమ్మిది ఒక్కటే మిగిలింది. “ఉన్‌సఠ్,” అన్నారు అంకుల్. ఆంటీ చెప్పేలోపే కుర్చీ ఎక్కి “హౌస్” అని అరిచాను. ఆంటీ నన్నెత్తుకుని గిరగిరా తిప్పేశారు. ఆవిడ మెరూన్ స్వెటర్ గరుకు నా బుగ్గకు ఇంకా తెలుస్తుంది.

పరీక్షలో టీచరుగారు కావాలనే చివర్లో యాభై తొమ్మిది చూపించారు. నవ్వడానికి క్లాసంతా సిద్ధంగా ఉంది. నాకు ముందు సమోసా వాసన వచ్చింది, తరవాత అంకె వచ్చింది. “ఉన్‌సఠ్,” అని, ఆగలేక “హౌస్” అని కూడా అనేశాను. అందరూ నవ్వారు, ఈసారి టీచరుగారూ నేనూ కూడా. తమ్ముడి పక్కన చోటు ఖాళీగానే ఉండిపోయింది.

తంబోలాలో అంకెలు తొంభైతో అయిపోతాయి. అదృష్టం, ఆ రోజు టీచరుగారు తొంభై దాటి అడగలేదు. ఇన్నేళ్ళు ఢిల్లీలో ఉన్నా, బ్యాంకులో తొంభై దాటిన టోకెన్ పిలిస్తే నేనిప్పటికీ కదలను, ముందు నాన్నగారి మీసమే కనిపిస్తుంది. “నానమ్మా, ఆప్‌కా నంబర్ హై,” అని మనవడు గిల్లాలి. వాడికి ఎక్కాలు నేర్పే పని నాదే. ముందు సమోసాలు తెప్పిస్తాను, తరవాతే పుస్తకం తీస్తాను.