కుక్కపిల్లకు కఫీల్

కుక్కపిల్ల వచ్చిన వారంలోనే నా గదిలో ఏసీ మార్చారు. పాతది ఏళ్ల తరబడి గాలి తక్కువ, మోత ఎక్కువగా నడిచింది. నేను ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఈ పిల్లేమో మంచు దేశాల జాతిది. నీలం కళ్లు, ఒళ్లంతా బొచ్చు. కువైట్ ఎండల్లో ఇది బతకాలంటే గది పగలూ రాత్రీ చల్లగా ఉండాలని అమ్మినవాడు చెప్పాడట. దాని పుణ్యమా అని నేనూ ఆ ఎండాకాలం దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

నేను సల్వాలో ఒక కువైటీల ఇంట్లో డ్రైవర్ని. సొంతూరు రాజంపేట పక్కన. ఇంటి యజమానురాలిని పనివాళ్లమందరం మామా అంటాం. మా వైపు మామా అంటే మేనమామ, లేదంటే పిల్లనిచ్చిన మామ. వచ్చిన కొత్తలో ఒక ఆడమనిషిని అలా పిలవడానికి నాకు నోరు తిరిగేది కాదు. ఇప్పుడు ఊరికి ఫోన్ చేసి అసలు మామతో మాట్లాడేటప్పుడే తడబడుతున్నాను.

కుక్కపిల్లను తెప్పించుకున్నది మామా కూతురు, ఇంకా స్కూల్లో చదువుతున్న పిల్ల. ఫోన్లో బొమ్మ చూసి ముచ్చటపడింది. మామా ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. కుక్క నోరు తగిలిన బట్టతో నమాజు చేయకూడదు. అందువల్ల కుక్క ఇంటి గడప తొక్కకూడదనీ, బయట వాకిట్లో డ్రైవర్ గదిలో ఉండాలనీ తీర్పు అయింది. కూతురు స్కూలు నుంచి వచ్చి కాసేపు ఆడుకుని, ఫోటోలు తీసుకుని వెళ్లేది. తక్కిన కాపురమంతా నాతోనే.

అప్పటికే నేను ఊరికి వెళ్లిపోవాలని నిర్ణయం చేసుకుని ఉన్నాను. సెలవు మీద కాదు, ఖలాస్, మొత్తానికే. ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతిని ఇఖామా అంటారు. దాన్ని చేయించేది మన కఫీల్, అంటే మనకు పూచీ ఉండే యజమాని. నా కఫీల్ మామానే. ఇప్పుడున్న ఇఖామా కొద్ది నెలల్లో అయిపోతుంది. మా ఆవిడ బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు పెట్టింది. కారం దోసెలకు మంచి పేరొచ్చింది. పొద్దున్నే ఒక్కతే తట్టుకోలేకపోతోంది. ఇంక చాలు, వచ్చి పెనం దగ్గర నిలబడమంది. సరేనన్నాను. మామాకు మాత్రం చెప్పలేదు. మంచి సమయం చూసి చెబుదామనుకున్నాను. రోజూ ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాణ్ణి, అయినా ఆ సమయం దొరికేది కాదు.

కుక్కపిల్లను టీకాకు తీసుకెళ్లినప్పుడు క్లినిక్ కౌంటర్లో ఉండే ఫిలిప్పీన్ అమ్మాయి తామీన్ సంగతి ఎత్తింది. తామీన్ అంటే ఇన్సూరెన్సు. కార్లకు ఉంటుంది, ఇఖామా కొట్టించేటప్పుడు మాకూ కడతారు. కుక్కకు కూడా ఉంటుందని అప్పుడే విన్నాను. జబ్బు చేసినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ అవసరమైనా ఖర్చులో ఎక్కువ భాగం కంపెనీ పెట్టుకుంటుందట. టీకాలకు మాత్రం ఇవ్వరట. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఇవ్వరట. కాబట్టి కడితే ఆరోగ్యంగా ఉన్న ఇప్పుడే కట్టాలని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె ఇంగ్లీషులో చెప్పినదాన్ని నేను ఇంటికొచ్చి నా వ్యాకరణం లేని అరబీలో మామాకు అప్పజెప్పాను.

కూతురు వెంటనే కావాలంది. మామాకు నమ్మకం కుదరలేదు. కుక్క అంటేనే ఆమెకు ఒక దండగ, దానిమీద ఇంకో దండగ ఎందుకని ఆమె వాదం. చివరికి నావైపు తిరిగి, కార్ల తామీన్లన్నీ నువ్వే చూస్తావు కదా, ఇదీ నువ్వే ఆలోచించి చెప్పు, నువ్వెలా అంటే అలా చేద్దాం అంది. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. ఆ ఇంట్లో నా ఆలోచన ఎవరికైనా అవసరం పడటం పార్కింగు విషయంలో తప్ప జరగలేదు.

అలా నేను కుక్కపిల్ల గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. మా ఊళ్లో కుక్కకు జబ్బు చేస్తే ఏదో పసరు పోస్తారు, లేదంటే అదే ఎక్కడో ఒక మూల పడుకుని బాగుపడుతుంది, లేదంటే పోతుంది. తామీన్ అని ఎవరైనా అంటే నవ్వి పోతారు. ఆ లెక్కన అవసరం లేదనిపించింది. పైగా ఇది కలిగినవాళ్ల ఇల్లు. కుక్కకు వైద్యం చేయించలేని పరిస్థితేమీ కాదు.

ఈ మాటే వంటింట్లో అక్కతో అన్నాను. అక్క అంటే ఆ ఇంట్లో వంటా పనీ చూసే ఆవిడ. అమలాపురం దగ్గరామె, ప్రతి శుక్రవారం చర్చికి నేనే దించుతాను. ఆమె అన్నం వారుస్తూనే నా తెలివికి నవ్వింది. నేను రాకముందు ఆ ఇంట్లో ఒక పిల్లి ఉండేదట. దానికీ ఇలాగే ముద్దులు, ఫోటోలు. ఒకసారి దాని కడుపులో ఏదో అడ్డుపడితే డాక్టరు కోత పెట్టాలన్నాడట. అంత ఖర్చు పిల్లికా అని మామా ఖలాస్ అందట. ఆ వేళ పిల్లిని బయటికి తీసుకెళ్లిన డ్రైవరు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడట. కూతురు రెండు రోజులు ఏడిస్తే కొత్త ఫోను కొనిపెట్టారట.

"డబ్బుల్లేక కాదు తమ్ముడూ," అంది అక్క. "జంతువుకి పెట్టాలంటే ఆళ్లకి మనసొప్పదు. కంపెనీ వోడు కడతానంటే మాత్రం కాదంటారేంటి?"

ఆ వారమే కారు సర్వీసుకు సబ్హాన్ వెళ్లాను. అక్కడ గోదాముల వెనక ఎప్పుడూ కుక్కలు తిరుగుతుంటాయి. అంతకు ముందు నేను వాటిని చూసినా చూడనట్టే ఉండేవాణ్ణి. ఆ రోజు ఒకటి షెడ్డు నీడలో పడుకుని ఉంది. మా పిల్ల జాతిదే. బొచ్చు ఉండలు కట్టి ఊడుతోంది. మెడకు ఇంకా ఎర్ర పట్టీ ఉంది. మెకానిక్కును అడిగితే, ఎండాకాలం మొదలవగానే కార్లలో తెచ్చి వదిలేసి పోతుంటారని, ఇది వచ్చి చాలా రోజులైందని చెప్పాడు. నేను కొట్టుకెళ్లి నీళ్ల సీసా కొనితెచ్చి డబ్బా మూతలో పోశాను. అది తాగి తోకైనా ఆడించలేదు. నాకు చాలా బాధేసింది.

దాంతో నా ఆలోచన తేలిపోయింది. నేనున్నన్నాళ్లూ ఎలాగోలా నచ్చజెప్పి వైద్యం చేయిస్తాను. నేను వెళ్లాక ఇంకో డ్రైవరు వస్తాడు. వాడెలాంటివాడో తెలియదు. తామీన్ ఉంటే ఎవరి మనసూ ఒప్పుకోవాల్సిన పనిలేదు. కార్డు చూపిస్తే వైద్యం జరిగిపోతుంది. అంటే కుక్కకు తామీన్ కట్టిస్తే నేను నిశ్చింతగా విమానం ఎక్కొచ్చు. మామాకు మాత్రం నేను వెళ్లే సంగతి తప్ప మిగతావి చెప్పాను. పోనీలే, కట్టేద్దాం అంది.

ముగ్గురం క్లినిక్కుకు వెళ్లాం. మామా ఒంటిమీది నల్ల అబాయా అంచులు దగ్గరికి లాక్కుని, కుక్కల వాసన సోకని మూల చూసుకుని కూర్చుంది. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో వివరాలు కొడుతూ, ఈ కుక్క ఎవరిదని అరబీలో అడిగింది. అన్నేళ్లుగా ఏ ఆఫీసుకు వెళ్లినా, ఏ పోలీసు ఆపినా, నేను విన్న మొదటి ప్రశ్న ఒకటే, నువ్వు ఎవరి మనిషివని. దానికి నా నోట్లో జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఆలోచించకుండా అదే వచ్చేసింది.

"కఫీల్ మామా" అన్నాను.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. పిల్లి బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన అయితే కళ్లు తుడుచుకున్నాడు. కూతురు నవ్వాపుకోలేక తల్లి భుజం మీద వాలిపోయింది. మామా మాత్రం నవ్వలేదు. "నేను కుక్కకు కఫీల్ ఏంటి? నా పేరు కుక్క పక్కన రాస్తారా?" అంది. కూతురి పేరు రాయమంటే వయసు చాలదన్నారు. అది ఎవరి గదిలో పడుకుంటుందో వాళ్ల పేరే రాయమంది మామా, నన్ను చూపించి.

కౌంటర్లో అమ్మాయి నాకేసి చూసింది. ఓనరుగా రాసుకునేవాళ్లు ఈ ఏడాదంతా కువైట్లోనే ఉండాలి, ఇఖామా ఉందా అని అడిగింది. ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదు. లేదమ్మా, నేను వెళ్లిపోతున్నాను అనాలి. నోరు తెరిచేలోపు మామా కూర్చున్నచోటి నుంచే నా బదులు జవాబు చెప్పింది.

"ఉంది. పోయిన వారమే రెన్యూ చేయించాను. రెండేళ్లకి."

ఆమె గొంతులో దాపరికమేమీ లేదు. ఇంటి కరెంటు బిల్లు కట్టేశాననే మనిషిలా చెప్పింది. నాకు ముందు అర్థం కాలేదు, తర్వాత అది నా ఇఖామానే అని తెలిసింది. ఆ అమ్మాయి సంతోషంగా తలూపి సంతకం చేయమంది. చేశాను. కుక్క నా చెప్పులు నాకుతూ ఉంది.

ఇంటికొచ్చేసరికి కూతురు అక్కకు అంతా చెప్పేసింది. అక్క నాలుగు రోజులు నన్ను వదల్లేదు. ఏమండీ కఫీలుగారూ అని పిలిచేది. దాని పాస్‌పోర్టు మీరే దాచారా, సెలవెప్పుడిస్తారు, జీతం నెలనెలా ఇస్తన్నారా లేదా అని అడిగేది. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం కోపంగా ఉండేది. మామా మీదా, నామీదా అన్నది విడదీసి చెప్పలేను.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడకు ఫోన్ చేశాను. కుక్క సంగతి ముందు చెప్పాను. కఫీల్ అన్న మాట దగ్గర ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులోనే కలిపేసి, నా ఇఖామా రెన్యూ అయిపోయింది, ఇంకో రెండేళ్లు పడింది అన్నాను. వాన పడింది అన్నట్టు అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయిపోయిందంటే? నువ్వు వద్దన్ల్యా?" అంది.

నన్నడగలేదని, అడగడం ఇక్కడ అలవాటు లేదని ఏదో చెప్పాను. వెనక పెనం మీద గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"కుక్కపిల్లకేం గావాల్నో అన్ని దినాలు ఆలోచన జేస్తివే. మనకేం గావాల్నో ఒక్క మాట నోటికి రాల్యా నీకు?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టకుండా, గిరాకీ వచ్చిందని ఫోన్ పెట్టేసింది. నేను మిగతా రోజంతా గదిలోనే ఉన్నాను. ఏసీ చల్లగా ఉంది. కుక్క నా కాళ్ల దగ్గర పడుకుంది. దాన్ని చూస్తే ముద్దొచ్చింది, నన్ను చూసుకుంటే సిగ్గేసింది.

మరునాడు పొద్దున మామా కారెక్కింది. నేను ఇంజను ఆన్ చేయలేదు. ఆమె ఫోన్లోంచి తలెత్తి యల్లా, పోదాం అంది. నేను అద్దంలో చూడకుండా, స్టీరింగు వైపే చూస్తూ చెప్పాను. ఊరికి వెళ్లిపోతాను, తిరిగి రాను, ఇది చాలా రోజులుగా అనుకుంటున్నదే, ఇఖామా క్యాన్సిల్ చేయించండి అని. అరబీలో అంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అర్థం కానట్టు చూసింది. ముందే ఎందుకు చెప్పలేదు, నీకు నచ్చుతుందనే రెండేళ్లు వేయించాను, మిగతావాళ్లు ఏడాదే చేయిస్తారు అంది. ఆమె నిజమే చెప్పింది. నన్ను ఉంచుకోవడమే మంచి చేయడమని ఆమె అనుకుంది. అంతకాలం నేనూ కాదన్నట్టు ఎక్కడా కనిపించలేదు.

వాకిట్లో కుక్కపిల్ల మమ్మల్ని చూసి అటూ ఇటూ పరుగెడుతోంది. గేటు దాటనివ్వకుండా అక్క దాన్ని పట్టుకుని నిలబడింది. తామీన్ కాగితాల్లో పేరు మార్పించుకోవచ్చని, రాత్రే అడిగితే అక్క చూసుకుంటానందని మామాకు చెప్పాను. వద్దు, నా పేరే రాయించు అంది. నేను నమ్మలేక అద్దంలోకి చూశాను. ఆమె అద్దంవైపు కాదు, కుక్కవైపు చూస్తోంది.

"నువ్వు వెళ్తే అది ఏడుస్తుందా?" అంది.

"రెండు మూడు రోజులు ఏడుస్తుంది మామా. తర్వాత అలవాటు పడుతుంది."

"మరి నువ్వు?" అంది.

ఆ ఇంట్లో నా గురించి నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. కుక్కపిల్ల వైపు ఒకసారి చూసి కారు స్టార్ట్ చేశాను.